పెన్నేటి తలాపున పుట్టినవాడు

తెలుగున గండి యను మాటకు రెండర్థములు కలవు. కొండను చీల్చుకొని యేరు దారి చేసికొన్న చోటు గండి. నిండిన చెరువుకట్ట తెగిన చోటును గండియే. మొదటిది కోటకు రక్ష. రెండవది ఊరికి చేటు. కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమట, ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన తావున, ఆ మొదటి గండి పేరుననే గండికోట వెలసినది. కోట అంచున నిలిచి లోయలోనికి తొంగిచూచిన విద్యార్థి ఆశ్చర్యపడక మానడు. జలాశయములు కట్టకముందు ఏడాదిలో అధికభాగము ఇసుకయేరుగా పడియుండిన ఈ పెన్న ఇంతటి రాతిని ఎట్లు కోయగలిగెను? ఎన్నియో యుగముల కాలమును, ఆ కాలమునందు అరుదుగా వచ్చిపోయిన మహావరదలును కలిసి చేసిన పని యిది. ఎండుసీమ యేటికి సగటు ప్రవాహమనునది కాగితముపై నుండు అంకె. దాని అసలు స్వభావము వరదనాడు బయటపడును.

ఈ పెన్న కర్ణాటకమునందలి నందికొండలలో పుట్టి, అనంతపురము సీమ దాటి, గండికోట లోయలో దూరి, 597 కిలోమీటర్లు నడచి నెల్లూరికి ఆవల సముద్రమున కలియును. అది పుట్టు కొండల పాదముననే ముద్దేనహళ్ళి యను చిన్న గ్రామము కలదు. 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఆ గ్రామమున పుట్టిన బాలుడే పిమ్మట సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగా కీర్తి గాంచెను. ఆయన జన్మదినమును మన దేశము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది. ఆయన పేరు వినగానే ఎల్లరకు కావేరిపై కన్నంబాడి ఆనకట్ట, భద్రావతి ఇనుప కర్మాగారము, నూరేండ్ల వయసునను చెదరని తలపాగా గుర్తుకు వచ్చును. ఆయన జీవితమున 1909వ సంవత్సరమునకు మాత్రము అంతటి ప్రసిద్ధి లేదు. ఎండుసీమలో వరద ఎట్లు పుట్టునో ఆయన లెక్కగట్టి చూపిన ఏడాది యది. రాయలసీమవారికి ఆ లెక్క పొరుగింటి ముచ్చట కాదు.

ఆయన ఇంటిపేరు మన సీమదే. మోక్షగుండ మను ఊరు కంభము ప్రాంతమున, 1970 వరకు కర్నూలు జిల్లాలో చేరియుండిన భాగమునందు, ఉన్నది. పూర్వులు ఎప్పుడో ఆ ఊరు విడిచి మైసూరు దేశమునకు వలసపోయిరి. ఊరిపేరు ఇంటిపేరుగా వెంట నడచినది. తెలుగు ఇంటిభాషగా నిలిచినది. విజయనగర కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్టిన కంభము చెరువు ఆ ప్రాంతమునకే గర్వకారణము. అట్టి చెరువు దాపున మెలగిన వంశమువాడు ఒకనాడు తెగిన కట్టల కథ విచారింపవలసి వచ్చుట యాదృచ్ఛికమే యైనను, తలచుకొన ముచ్చట గొలుపును.

తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. తండ్రి కర్నూలులో నుండగా గతించెననియు, కుటుంబము తిరిగి ముద్దేనహళ్ళికి పోయెననియు ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. బాలుడు బెంగుళూరులో మేనమామ అండన చేరి, పిల్లలకు పాఠములు చెప్పి ఆ రాబడితో సెంట్రల్ కాలేజిలో చదివి 1881లో పట్టభద్రు డయ్యెను. మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పూనా సైన్సు కాలేజిలో ఇంజనీరింగు చదివి 1883లో ప్రథమునిగా ఉత్తీర్ణుడై, మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ప్రవేశించెను. ఖాందేశము, నాసికము, సింధుదేశమున సుక్కూరు, పూనా. ఇట్లు ఇరువదియేండ్లకు పైబడిన కొలువులో నీటిపని తప్ప వేరుపని ఆయన చేతిలో పడినది తక్కువ.

ఆ కొలువులో చేసిన పనులలో ఒకదానిని ఇచట చెప్పక తప్పదు. పూనాకు నీరిచ్చు ఖడక్‌వాస్లా జలాశయమున ఏటేట వానకాలపు నీరు అలుగుపై పొర్లి పోవుచుండెను. రాయలసీమలో మనము మరువ యనునదే అలుగు. కట్ట ఎత్తు పెంచినచో నీరు నిలుచును; కాని పాతకట్ట ఆ భారమును మోయునో లేదో, పెద్ద వరదనాడు ఏమగునో ఎవరు చెప్పగలరు? విశ్వేశ్వరయ్యగారు కట్ట జోలికి పోలేదు. మరువపై తమంతట తామే కదలు తలుపులను అమర్చిరి. నీరు నిర్ణీతమట్టము మించగానే తలుపు తెరచుకొనును; వరద తీయగానే మూసికొనును. 1903లో అమర్చిన ఈ తలుపులవలన జలాశయమున మరి ఎనిమిది అడుగుల నీరు నిలిచినది. ఉపాయము చిన్నది, దానిలోని వివేకము పెద్దది. కరవు సీమలో జలాశయము ఎప్పుడును నిండియుండవలెనని రైతు కోరును. వరద వచ్చునాడు అది వెలితిగా నుండవలెనని దిగువ ఊరు కోరును. ఒకే పాత్రను రెండు కోరికలకు లొంగదీయుట ఎట్లు? ఆయన చేపట్టిన పెద్దపనులలో పెక్కింటికి ఈ చిక్కే మూలము.

1908లో ఆయన బొంబాయి కొలువునుండి విరమించుకొని యూరపు ఖండము పర్యటించుచుండగా హైదరాబాదులో ఘోరము జరిగెను. బంగాళాఖాతమునుండి వచ్చిన తుపాను దక్కను పీఠభూమిపై నిలిచి కురిసెను. సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది నగరము నడుమ ఒడ్డులు దాటి విరుచుకుపడెను. వంతెనలు కొట్టుకొనిపోయెను, అఫ్జల్‌గంజి ఆసుపత్రి మునిగెను. ఆ ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున ఆ చెట్టును చూపుదురు. సుమారు 19,000 ఇండ్లు కూలెను. 80,000 మంది నిలువ నీడ లేనివారైరి. మృతులు పదునైదువేలమంది యుందురని అంచనా. అనంతగిరి కొండలలో పుట్టి ఎండకాలమున దాటుటకు చెప్పులైన విడువ నక్కరలేని చిన్న యేరు చేసిన పని యిది.

నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. వారు పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరిరి. నగరమునకు మరల ఇట్టి ఆపద రాకుండ చూచుటయు, నగరమునకు మురుగుకాలువల ఏర్పాటు సూచించుటయు వారికి అప్పగించిన పని.

ఏటికిరువైపుల ఎత్తైన గోడ లేపుట ఎవరికైనను ముందు తోచు ఉపాయము. విశ్వేశ్వరయ్యగారు నగరమున ఆగక ఏటివెంట ఎగువకు నడచిరి. నగరమునకు ఎగువ మూసీకి నీరు చేర్చు నేల ఎంత? 862 చదరపు మైళ్ళు. ఆ నేలలో చెరువు లెన్ని? 788. అనగా దాదాపు మైలుకొక చెరువు. ఆ వరదలో వానిలో తెగినవెన్ని? మూసీ వైపున 182, దాని ఉపనదియైన ఈసీ వైపున 39, మొత్తము 221. ఈ మూడంకెలు చేతికి వచ్చుసరికి వరద రూపు మారిపోయినది. వాన యేటిలో పడి వరదయైనదనుకొన్నవారికి, వాన ముందుగా చెరువులలో పడి, చెరువులు ఒకదానిపై నొకటి పడి, ఆ పడిన నీరు ఏటిలో పడినదని తెలిసినది.

మన సీమలో చెరువులు పెక్కుచోట్ల ఒంటరిగా నుండవు. వాగువెంట మెట్లు మెట్లుగా, పైచెరువు మరువ నీరు క్రిందిచెరువునకు చేరునట్లు, గొలుసుకట్టుగా నుండును. మామూలు ఏడాదిలో ఇంతటి చక్కని ఏర్పాటు మరొకటి లేదు. పైచెరువు పరుగెత్తు నీటిని ఆపును, మన్నును వడకట్టును, మిగిలిన నీటిని మెల్లగా క్రిందికి జారవిడుచును. వాన అతిగా కురిసిననాడు ఆ గొలుసే గుదిబండ యగును. పైకట్ట తెగినచో, దినములకొలది మెల్లగా రావలసిన నీరు గడియలో క్రిందికట్టపై పడును. క్రిందిమరువ తనపై కురిసిన వానకు సరిపడ కట్టినదే కాని, పైచెరువు మొత్తమునకు సరిపడ కట్టినది కాదు. అదియును తెగును. ఆ క్రిందిదియు తెగును.

వాన సంగతియు ఆయన విడువలేదు. శంషాబాదు వానకొలత చూడగా, ఒక దినములో 12.8 అంగుళములు, రెండు దినములలో 18.9 అంగుళములు పడినట్లు తేలెను. కడపలో ఏడాది పొడవున కురియు వానలో సుమారు మూడింట రెండువంతులు అక్కడ నలువదియెనిమిది గంటలలో కురిసినదన్నమాట. నగరము కడ వరద అత్యధికస్థాయి సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన లెక్కగట్టిరి. ఈ అంకెను తరగతిలో పిల్లలచే పరీక్షింపజేయవచ్చును. ఒక చదరపు మైలుపై గంటకొక అంగుళము చొప్పున నీరు పారినచో అది సెకనుకు 645 ఘనపుటడుగులగును. 4,25,000ను 862చే భాగించినచో మైలునకు 493 వచ్చును. అనగా ఆ మొత్తము నేలనుండి గంటకు ముప్పాతిక అంగుళము చొప్పున నీరు ఏమియు ఇంకక ఏటిలోనికి దొర్లినంత పని. నేల నానిపోయి, కట్టలు తెగి, నిలువనీరంతయు ఒక్కుమ్మడి కదలిననే గాని ఇంతటి ప్రవాహము రాదు.

చెరువు కట్టుటలో మన పెద్దలు అజ్ఞానులు కారు. కడప జిల్లా పోరుమామిళ్ళలో విజయనగర రాజపుత్రుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనము చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు పట్టు ఆరు దోషములను లెక్కించి చెప్పినది. కట్టనుండి నీరు ఊరుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట అందులోనివి. ఈ చివరిది చదివినప్పుడు నవ్వు వచ్చును. నేటి అంతర్రాష్ట్ర జలవివాదములను తలచుకొన్నప్పుడు నవ్వు పోవును. ఆ శాస్త్రము ఒక్కొక్క చెరువు మేలు కీడులు చూచినది. విశ్వేశ్వరయ్యగారు 788 చెరువులను ఒకే యంత్రపు భాగములుగా చూచిరి. ఆయన విచారణలోని క్రొత్తదనము ఇదియే.

ఆ విచారణకు తరువాతి కాలపు విజ్ఞానము మరికొంత చేర్చినది. వాన ఎంత కురిసినదను దానికి తోడు, అది పడిన నేల ఎట్టిదను దానిపై వరద ఆధారపడును. అడవి యున్న కొండపై పడిన వాన ఆకులపై, వేళ్ళలో, మెత్తని మంటిలో కొంత ఆగును. పొదలు నరికిన బోడిగుట్టపై పడినది మన్నుతో సహా దిగును. ఆ మన్ను చెరువున పూడిక యగును; పూడిన చెరువు అదే వానకు ముందుగా నిండును. రాయలసీమలో చెరువు మరమ్మతునకై పూర్వము దశబంధపు ఇనాములుండెను. భూమి అనుభవించువాడు కట్ట కాపాడవలెనను కట్టుబాటది. ఆ కట్టుబాటు సడలిన చోట భూమి మిగిలినది, బాధ్యత జారిపోయినది. వంకలు పూడ్చి పొలములు చేసిరి. పొలములు పూడ్చి ఇండ్లు చేసిరి. ఇక ఆకాశము సంగతి. గాలి ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కినచో నూటికి 7 వంతులు అదనముగా తేమను నిలుపుకొనగలదు. లోకము వేడెక్కుచున్నకొలది ఏడాది వాన మొత్తము పెరుగకపోయినను, కురిసిన దినమున కుండపోతగా కురియుట హెచ్చును. ఏడాదిలో కొలది దినములే వాన పడు సీమకు ఇది రెండంచుల కత్తి.

విశ్వేశ్వరయ్యగారు సూచించిన చికిత్స ఏటియొడ్డున కాక ఎగువన మొదలైనది. నగరమునకు కొలది మైళ్ళ ఎగువన మూసీపై నొకటి, ఈసీపై నొకటి, రెండు జలాశయములు కట్టి వరద తలను అక్కడ నరుకవలెను. నగరములో ఏటిగట్లను సరిచేసి, ఒడ్డున ఇరుకుగా నున్న ఇండ్ల స్థానమున తోటలు, విశాలమైన బాటలు ఏర్పరుపవలెను. అనగా ఏటికి చెందిన చోటు ఏటికి విడువవలెను. ఆ జలాశయముల నీటినే నగరమునకు త్రాగునీరుగా ఇయ్యవలెను. ఖడక్‌వాస్లా చిక్కు ఇచటను ఎదురైనది చూడుడు. త్రాగునీటికి నిండియుండవలెను, వరదకు వెలితిగా నుండవలెను. వరదకని కొంతచోటు ఎల్లప్పుడు ఖాళీగా విడిచిపెట్టు జలాశయమును ఎండుసీమ ప్రజ సహించుట కష్టము. ఖాళీచోటును చూచి వృథా యనుకొనుట మన అలవాటు.

ఆ రెండు జలాశయములను విశ్వేశ్వరయ్యగారే కట్టిరని పలువురు తలంతురు. అది సరికాదు. ఆయన తన నివేదికలు సమర్పించి 1909 నవంబరులోనే మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెడలిపోయిరి. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను ముగిసినవి. కట్టినవారు నిజాము సంస్థానపు ఇంజనీర్లు, పేరులేని వేలకొలది కూలీలు. విశ్వేశ్వరయ్యగారి కీర్తికి ఈ దిద్దుబాటువలన లోటు రాదు. దారి చూపినవాని కీర్తి వేరు, దారి వేసినవారి కీర్తి వేరు.

ఆ జలాశయములు నగరమును చాలకాలము కాచినవి. 1996లో వాని చుట్టు పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడములు రాకుండ ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తర్వు నిచ్చెను. ఆ ఉత్తర్వు ఉండవలెనా తీసివేయవలెనా యను వాదము పిమ్మట ఏండ్లకొలది సాగెను. 2020 అక్టోబరు 13వ తేదీన వాయుగుండము వలన నగరమునను పరిసరములందును కుంభవృష్టి కురిసి, కొన్నిచోట్ల ఒక్క దినముననే 30 సెంటీమీటర్లు మించినది. ఈసారి ఆపద చాలవరకు జలాశయములకు దిగువన, నగరములోని చెరువులనుండియే వచ్చినది. 1908 వాన కొలిచిన శంషాబాదు దాపుననే, గగన్‌పహాడులో, అప్ప చెరువు తెగి ప్రాణములు తీసినది. బాలాపురపు గుఱ్ఱము చెరువు కట్ట తెగి పాతబస్తీ వాడలు మునిగినవి. ఎగువ రెండు ఆనకట్టలు తమ పని తాము చేయగలవు. వానికి దిగువన ఇండ్లక్రింద పడిన గొలుసుకట్టు చెరువుల మాట అవి చూడలేవు.

మైసూరులోని విశ్వేశ్వరయ్యగారి చరిత్ర సర్వజనవిదితము. కన్నంబాడి ఆనకట్ట పని 1911లో ఆరంభించిరి. 1912 నుండి 1918 వరకు దివానుగా నుండిరి. 1955లో భారతరత్న బిరుదము పొందిరి. డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మట, గాంధీమహాత్ముని ప్రోద్బలముతో, ఆయన ఒరిస్సా వెళ్ళి మహానది డెల్టా వరదలను పరిశీలించి 1937లోను, 1939లోను నివేదికలు వ్రాసిన సంగతి మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు. అక్కడను గట్లు పెంచుటతో సరిపుచ్చక, నది మొత్తమును కొలిచి, ఎగువన నీటిని నిలుపు మార్గమును విచారింపుడనియే ఆయన సలహా. ఆ నదిపై హీరాకుడ్ ఆనకట్ట పిమ్మట లేచినది. 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండిన పిమ్మట, ఆయన బెంగుళూరులో కన్నుమూసిరి. దేహమును ముద్దేనహళ్ళికి కొనివచ్చి నందికొండల దాపుననే అంత్యక్రియలు జరిపిరి.

ఆ కొండలలో పుట్టిన పెన్నపై అప్పటికి ఇప్పటికి ఎన్నియో కట్టలు లేచినవి. గండికోట దాపుననే 26.85 శతకోటి ఘనపుటడుగుల జలాశయము వెలసి, శ్రీశైలమునుండి వచ్చు కృష్ణాజలమును నిలుపుకొనుచున్నది. దానికి దిగువన మైలవరము, ఆ పిదప సోమశిల. ఉపనదులపై మరికొన్ని. పెన్న పరీవాహక ప్రదేశము 55,213 చదరపు కిలోమీటర్లు. ఆ నేలపై నిప్పుడు ఒకే గొలుసున పాత చెరువులును, క్రొత్త ఆనకట్టలును కూడ చేరియున్నవి.

ఆయన గతించిన ఏబదితొమ్మిదవ యేట, 2021 నవంబరులో, చెన్నపట్టణము దాపున తీరము దాటిన వాయుగుండము శేషాచలపు కొండలపై కుండపోతగా కురిసెను. పెన్నకు ఉపనదియైన చెయ్యేటిలో కలియు పింఛ యేటిపై నున్న జలాశయపు కట్ట తెగినది. ఆ నీరు దిగువన రాజంపేట దాపున నున్న అన్నమయ్య జలాశయముపై పడినది. 19వ తేదీ ఉదయము దాని మట్టికట్టయు తెగినది. దిగువ గ్రామములైన పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేటలలో ఇండ్లు, పశువులు, మనుష్యులు కొట్టుకొనిపోయిరి. వరద తీసిన పిమ్మట ఊరివారు తిరిగివచ్చి చూడగా, పొలములపై గట్లు కానరాకుండ ఇసుక మేటవేసి యుండెను.